మొదటి మాట ఎవరిది?



యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయము అనగానే, బబులోను చెరలోనున్నవారికి ప్రవక్త వ్రాసి పంపిన ఉత్తరము మనకు జ్ఞాపకము వచ్చును. అక్కడనే ఇండ్లు కట్టుకొని, తోటలు వేసికొని, ఆ పట్టణపు క్షేమము కోరవలెనని అందు వ్రాసెను. దానిమీద ప్రసంగములు ఎన్నియో వినియున్నాము. అయితే ఆ అధ్యాయము చివర మరియొక ఉత్తరము కలదు. దానిమీద ప్రసంగము మేమెన్నడును వినలేదు.

ఆ రెండవ ఉత్తరము బబులోనునుండి యెరూషలేమునకు వచ్చినది. వ్రాసినవాడు షెమయా, అందుకొనినవాడు జెఫన్యా అను యాజకుడు. దాని సారాంశమేమనగా, వెర్రివాడై తన్నుతాను ప్రవక్తగా చెప్పుకొను ప్రతివానిని బొండలో వేయించు అధికారము యాజకుడవైన నీకున్నది గదా, అనాతోతువాడైన యిర్మీయాను ఇంకను ఏల విడిచిపెట్టితివి అని. ఇప్పటి మాటలలో చెప్పవలెనన్న, ఒక మనిషిని మతి చలించినవానిగా ఎంచి బంధించుడని కోరు అర్జీ ఇది. వ్రాసినవాడు ఎన్నో దినముల ప్రయాణమంత దూరమున నున్నాడు. చెర దీర్ఘకాలముండునని యిర్మీయా చెప్పిన మాట అతనికి రుచింపలేదు. అతడు చూపిన కారణము అదియే.

యాజకునికి అధికారము లేకపోలేదు. అంతకుముందు పషూరు అను మరియొక యాజకుడు యిర్మీయాను కొట్టి బొండలో వేయించిన సంగతి 20వ అధ్యాయములోనే యున్నది. కాని జెఫన్యా చేసినది ఒక్కటే. ఆ ఉత్తరమును యిర్మీయా వినునట్లు చదివెను. ఎవనినిగూర్చి వ్రాయబడెనో వాని చెవినే వేసెను. షెమయాకు అతడు ఏమి జవాబు వ్రాసెనో, అసలు వ్రాసెనో లేదో గ్రంథము చెప్పదు.

ఈ మాసము దీనిని ధ్యానించుటకు కారణము కలదు. మన గ్రామములలో "వీణ్ని వైజాగు పంపాలి" అనియు, తెలంగాణా ప్రాంతమున "ఎర్రగడ్డకు పోవాల్సినోడు" అనియు నవ్వులాటకు అనుచుందురు. విశాఖపట్నములోను హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి గనుక ఆ మాట పుట్టినది. నవ్వులాటగా ఉన్నంతవరకు ఎవరును పట్టించుకొనరు. అది నిజముగా ఒక ఇంటి గడపయొద్దకు వచ్చినప్పుడు, మతి చెడినదను మొదటి మాట ఎవరు పలుకవలెను, ఎవరు పలికినంతమాత్రమున ఒక మనిషిని అతని ఇష్టము లేకుండ తీసికొనిపోవచ్చును అను ప్రశ్న పుట్టును. ఇది చట్టపు ప్రశ్నయే, అయితే పొరుగువానిని ప్రేమించు ప్రశ్నయు అగును.

మొదట చట్టము సంగతి చూతము. మన దేశములో 1912 నాటి చట్టమునకు పేరే ఇండియన్ లూనసీ చట్టము. దాని ప్రకారము భర్త గాని భార్య గాని ఇతర బంధువు గాని ఇద్దరు వైద్యుల పత్రములతో మేజిస్ట్రేటునొద్ద అర్జీ పెట్టుకొనవలెను. తరువాత 1987లో చేయబడి 1993లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము కూడ ఇంచుమించు ఆ దారినే నడిచెను. ఈ రెండింటిలోను ఒక చిన్న నియమము మమ్మును ఆకర్షించినది. అర్జీ పెట్టువాడు అంతకుముందు 14 దినములలోపున ఆ రోగిని తన కన్నులతో చూచి యుండవలెను. విని వచ్చినవాడు పనికిరాడు.

మార్కు సువార్త 3వ అధ్యాయము తెరచి చూడుడి. జనసమూహము గుమిగూడినందున ప్రభువునకు భోజనము చేయుటకును వీలు లేకపోయెను. ఆ సంగతి విని ఆయన స్వజనులే, ఆయనకు మతి చలించినదనుకొని, ఆయనను పట్టుకొనుటకు బయలుదేరిరి. ఈ వచనమును మనము తొందరగా దాటిపోవుదుము. వారు శత్రువులు కారు. తిండి మాని తిరుగుచున్న బిడ్డనుగూర్చి దిగులుపడినవారే యని మా తలంపు. అయితే వారు చూచి రాలేదు, విని వచ్చిరి. ఇంటివారికి ప్రేమ యున్నంతమాత్రమున వారి మాట నిజమని చెప్పుటకు లేదు. మన రక్షకుడే ఈ మాట పడినాడని తెలిసినవారము, మరియొకనిమీద ఆ మాట వేయుటకు ముందు నాలుక కరచుకొనవలెను.

ఇప్పుడు అమలులోనున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. ఇది 2018లో అమలునకు వచ్చెను. ఇంటివారు మేజిస్ట్రేటునొద్దకు పోయి ఉత్తరువు తెచ్చుకొను పాత పద్ధతి ఇందులో లేదు. సాధ్యమైనంతవరకు ప్రతివాడును తన యిష్టముచొప్పుననే వైద్యశాలలో చేరవలెను. అది కుదరనప్పుడు మాత్రమే ఇతరుల కోరికమీద చేర్చుకొనుట. ఆ కోరిక తెలుపవలసినవాడు రోగియొక్క ప్రతినిధి. ఆ ప్రతినిధిని ఎన్నుకొను హక్కు ముందుగా రోగిదే. స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్ల కాగితముమీద వ్రాసి సంతకము గాని వేలిముద్ర గాని వేసిన చాలును. రేపు మనసు మారిన మార్చుకొనవచ్చును. ఎవరిని ఎన్నుకొనకపోయిన యెడల బంధువు, బంధువు లేకపోయిన యెడల అతనిని చూచుకొనుచున్న సంరక్షకుడు, వారును లేకపోయిన యెడల ఇందుకొరకైన సమీక్షా బోర్డు నియమించు తగిన మనిషి. ఆ మనిషియు దొరకనప్పుడు సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు.

ఈ వరుసలో పాస్టరు లేడు, సంఘ పెద్ద లేడు, సర్పంచు లేడు. మమ్మును రోగియే పేరుపెట్టి ఎన్నుకొనిననే తప్ప మాకు ఇందులో చోటు లేదు. మా పదవిని తక్కువ చేసినందున మేము చిన్నబుచ్చుకొనలేదు. దీనికి కారణము మీకు ఒక పరదేశపు సంగతివలన తెలియును. అది సంఘకాపరి ఇంటిలో జరిగినది గనుక మనము వినదగినది.

అమెరికా దేశమున ఇల్లినాయిస్ రాష్ట్రములో థియోఫిలస్ ప్యాకార్డు అను బోధకుడుండెను. అతని భార్య ఎలిజబెత్తు, ఆరుగురు బిడ్డల తల్లి. మానవుని జన్మపాపమును గూర్చి భర్త బోధించినదానికి భిన్నమైన అభిప్రాయమును ఆమె ఆ సంఘపు బైబిలు తరగతిలో పలికెను. 1860లో భర్త ఆమెను జాక్సన్‌విల్లు నగరములోని పిచ్చివారి ఆసుపత్రికి పంపించెను. తక్కినవారి విషయములో రుజువు కోరు ఆ రాష్ట్రపు చట్టము, భార్య విషయములో మాత్రము భర్త కోరిక చాలునని చెప్పియుండెను. మూడేండ్లు ఆమె అక్కడ ఉండెను. తిరిగి వచ్చిన తరువాత భర్త ఆమెను ఇంటిలోనే ఒక గదిలో బంధించి, కిటికీలు మేకులతో బిగించెను. సంగతి న్యాయాధిపతి చెవిని పడి, 1864లో కంకకీ పట్టణమున విచారణ జరుగగా, జూరీవారు ఏడు నిమిషములలోనే ఆమెకు మతి స్థిరముగా నున్నదని తీర్పిచ్చిరి. ఆమె ఇంటికి పోవునప్పటికి భర్త బిడ్డలను సామానును తీసికొని వేరొక రాష్ట్రమునకు వెడలిపోయి యుండెను. ఆమె ఊరకుండక పోరాడినందున 1867లో ఆ రాష్ట్రమున కొత్త చట్టము వచ్చెను.

ఇక్కడ మొదటి మాట పలికినవాడును తుది మాట పలికినవాడును ఒక్కడే. అతడు భర్త, అతడే బోధకుడు. ఇంటి అధికారమును బలిపీఠపు అధికారమును ఒకే చేతిలో పడినప్పుడు, వేదాంత భేదము కూడ వ్యాధిగా కనబడినది.

మన 2017 చట్టము ఈ అపాయమును ఎరిగినది. ఒకడు తన సమాజపు నీతినిగాని ఆచారమునుగాని మత విశ్వాసమునుగాని అనుసరింపకపోయినందున అతనికి మానసిక వ్యాధి యున్నదని నిర్ణయింపగూడదని స్పష్టముగా చెప్పుచున్నది. 2018లోనే ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, వయస్సు వచ్చిన కుమార్తెను తలిదండ్రులే బలవంతముగా అటువంటి వైద్యశాలకు తీసికొనిపోయిన సంగతి విచారింపబడి, అది చట్టవిరుద్ధమని తేలెను. వేరే కులపువానిని పెండ్లి చేసికొనెదనన్న పిల్లను "దీనికి పిచ్చి పట్టింది" అను తల్లులు మన సంఘములలోను లేకపోలేదు. కోపములో అనుట వేరు. ఆ మాటతో బండి కట్టుట వేరు.

అట్లయిన ఇంటివారిని ఈ పనికి పూర్తిగా దూరముగా ఉంచవలెనా? మేము అట్లు తలంపము. రాత్రి రెండు గంటలకు లేచి నీళ్ల బావివైపు పోవుచున్నవానిని ఎవరు చూతురు? భార్య చూచును, తల్లి చూచును. ఇంజనీరు పరీక్ష తప్పిన కుమారుడు మూడు దినములనుండి అన్నము ముట్టలేదని ఏ అధికారికి తెలియును? దగ్గరివాడే మొదట చూచును గనుక మొదటి మాట దగ్గరివానిదే కావలెను. అయితే పొలము పంచుకొనవలసినవాడును దగ్గరివాడే. పరువు పోవునని భయపడువాడును దగ్గరివాడే. కావున మొదలుపెట్టువాడు ఒకడును నిర్ణయించువాడు మరియొకడును కావలెను. చట్టము ఆ ఏర్పాటే చేసెను. ప్రతినిధి కోరిక తెలిపిన తరువాత ఒక మనోవైద్యుడును, అతనితోబాటు మరియొక వైద్యుడు గాని మానసిక ఆరోగ్య నిపుణుడు గాని, ఆ దినముననో ముందటి ఏడు దినములలోనో రోగిని వేరువేరుగా పరీక్షింపవలెను. తనకు హాని చేసికొనబోవుట, ఇతరులపై పడి కొట్టుట లేక వారిని భయపెట్టుట, తన్ను తాను చూచుకొనలేక అపాయములో నుండుట, వీటిలో ఏదైన ఒకటి ఇద్దరికిని వేరువేరుగా కనబడవలెను. అప్పటికిని 30 దినములకంటె మించి ఉంచుటకు లేదు. మించవలెనంటే ఇద్దరు మనోవైద్యులు చూచి, బోర్డు ఒప్పుకొనవలెను. చేర్చుకొనిన సంగతి ఏడు దినములలో, స్త్రీ గాని చిన్నపిల్ల గాని అయిన మూడు దినములలో బోర్డునకు తెలుపవలెను. రోగి స్వయముగా బోర్డునకు మొర పెట్టుకొనవచ్చును. లాయరుకు డబ్బు లేనివానికి ఉచిత న్యాయ సహాయము కలదు.

ఒక హెచ్చరిక. ప్రాణాపాయమున్నప్పుడు పేరు నమోదైన ఏ వైద్యుడైనను 72 గంటలవరకు అత్యవసర చికిత్స చేయవచ్చునని చట్టములో నున్నది. మన ఊళ్లలో తిరుగు ఆర్.ఎం.పి. డాక్టరు ఈ నమోదైన వైద్యుడు కాడు. అక్షరములు కలిసినను అధికారము కలియదు. అతడిచ్చిన నిద్ర సూదితో మనిషిని ఆటోలో వేసికొనిపోవుట చట్టమును కాదు, క్షేమమును కాదు.

మా పాస్టరేటులోని ఒక గ్రామములో జరిగినది చెప్పెదము. ఒక సాయంకాలము ఇద్దరు అన్నదమ్ములు మా యింటికి వచ్చి, "అయ్యగారూ, మా పెద్దోడికి మతి పోయిందని సంఘం ముద్ర వేసి ఒక కాగితం రాసివ్వండి. మీరు రాస్తే ఆస్పత్రిలో కాదనరు" అని అడిగిరి. అతడు పది రాత్రులనుండి నిద్రపోవుట లేదనియు, ఒక బస్తా బియ్యము వీధిలో పంచిపెట్టెననియు, నడిరాత్రి గుడి గంట కొట్టెననియు చెప్పిరి. అవి అబద్ధములు కావు. గంట మేమును వింటిమి. మరియు రెండెకరముల ఉమ్మడి పొలముమీద అతడు సంతకము పెట్టుట లేదనియు మాటలలో బయటపడెను.

మా ముద్రకు చట్టములో విలువ లేదని చెప్పితిమి. అయినను వారు పట్టు విడువనందున, వారు చెప్పినదంతయు చెప్పినట్లే కాగితముమీద వ్రాసి, దీనిని మొదట మీ అన్నకే చదివి వినిపించెదమంటిమి. చిన్నవానికి కోపము వచ్చినది. "పిచ్చోడికి చదివితే ఏం అర్థమవుతుందండీ?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు మరునాడు ఉదయము దొరకినది. పశువుల కొట్టము ముందు నులకమంచముమీద అతడు కూర్చుండగా మేము ఆ కాగితమును మెల్లగా చదివితిమి. అతడు నడుమ రెండుసార్లు లేచిపోయి తిరిగి వచ్చెను. అంతయు విని, "నిద్ర పట్టటంలేదన్నది నిజమేనండి. సంతకం పెట్టనన్నదీ నిజమే. రెండూ ఒకే కాగితంలో ఎందుకు రాశారు అయ్యగారూ?" అని అడిగెను.

వ్యాధి యున్నది. వ్యాధితోబాటు బుద్ధియు ఉన్నది. చట్టము కూడ ఇదే అనుకొనును. మాట అర్థము చేసికొని తన నిర్ణయము చెప్పగలిగినవానికి నిర్ణయించుకొను శక్తి యున్నట్లే ఎంచవలెనని అందు వ్రాయబడియున్నది. ఆ సహోదరుడు తమ్ములతో పోవుటకు ఒప్పుకొనలేదు. పొరుగూరిలోనున్న అక్కను పిలిపించుమనెను. ఆమె పేరే తెల్లకాగితముమీద వ్రాసి వేలిముద్ర వేసెను. ఆమెతో బస్సులో జిల్లా ఆసుపత్రికి పోయి తన యిష్టముతోనే చేరి, మూడు వారములకు బిళ్లలతో తిరిగివచ్చెను. పొలము తగవు ఇంకను తెగలేదు. తమ్ములు మామీద కినుకతో ఆ క్రిస్మసునకు ఆరాధనకు రాలేదు.

అందరి సంగతి ఇంత సుళువుగా జరుగదు. చదివి వినిపించినను వినలేని స్థితి కలదు. కత్తి పట్టినవాడు, బిడ్డను బావిలో వేయుమని స్వరములు వినబడుచున్న తల్లి, వీరి సమ్మతికొరకు ఎదురుచూచుట ప్రేమ కాదు. అప్పుడు వారి యిష్టమునకు విరోధముగా చేయి పట్టుకొనుట న్యాయమేనని మా అభిప్రాయము. నీటిలో మునుగువాని జుట్టు పట్టి లాగువాడు సెలవడుగడు. అయితే ఒడ్డుకు చేర్చిన తరువాతను జుట్టు విడువకుండుటకు అతనికి హక్కు లేదు. చట్టము 30 దినములని లెక్క పెట్టినది అందుకే. చేర్పించినవారు వారమునకొకసారి పోయి చూడవలెను. అక్కడ దింపి వచ్చి ఊపిరి పీల్చుకొనినవారిని మేము ఎరుగుదుము. ఫోను నంబరు కూడ మార్చుకొనిరి. ఇంటివారు వద్దన్నారను కారణముచేతనే ఒకనిని వైద్యశాలలో ఉంచగూడదని 2017 చట్టము చెప్పుచున్నది గాని, ఇంటి తలుపు తెరచుట చట్టము చేతిలో లేదు. గెరాసేనుల దేశమున సమాధులలో కాపురమున్నవాడు స్వస్థచిత్తుడైనప్పుడు, తన వెంట వచ్చెదనని వేడుకొనినను ప్రభువు ఒప్పుకొనక, అతని ఇంటికే అతనిని పంపెను.

ఆ మనిషిని ఊరివారు పలుమారు సంకెళ్లతో బంధించిరని మార్కు 5వ అధ్యాయము చెప్పుచున్నది. ఎవరును మొదటి మాట సరియైన చోట చెప్పనప్పుడు ఆ సంకెలయే వచ్చును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, స్వస్థతకొరకు తెచ్చి గొలుసులతో కట్టి యుంచినవారి పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. గొలుసులున్నందున పారిపోలేకపోయిరి. అది అన్యమతస్థుల చోటని మనము చేతులు కడుగుకొనరాదు. ఒక ప్రార్థనా గృహపు ఆవరణలో స్తంభమునకు కట్టబడిన యౌవనస్థుని మేము కన్నులార చూచితిమి. ఉపవాస ప్రార్థన 40 దినములని చెప్పి అతని మందులు మాన్పించిరి. మేము ప్రార్థనకు విరోధులము కాము. తిమోతి కడుపు జబ్బునకు పౌలు ఔషధముగా కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను. అందువలన అతని విశ్వాసము తగ్గలేదు. మానసిక వ్యాధిగలవానిని ఏ విధముగానైనను గొలుసులతో కట్టుట నేడు చట్టముచే నిషేధింపబడినది. అట్లు బాధింపబడుచున్నవారిని చూచిన ఎవడైనను పోలీసు స్టేషనులో చెప్పవచ్చును. పోలీసువారు మేజిస్ట్రేటునకు తెలిపి తీరవలెను. ఈ ఒక్క విషయములో పాస్టరుకు, పాలేరుకు, పక్కింటి అవ్వకు సమానమైన అధికారమున్నది. దారి తెలియనివారు 14416 నంబరునకు ఫోను చేసిన తెలుగులో మాటలాడి చెప్పుదురు. ఇది 2022లో ప్రభుత్వము పెట్టిన ఉచిత సహాయము.

ఇక ఎవరును లేనివారి మాట. మన మండలపు బస్సు స్టాండులో ఒక స్త్రీ ఎండలో వానలో ఆరు మాసములు ఉండెను. అందరును ఆమెకు టీ ఇచ్చిరి, బన్ను ఇచ్చిరి. ఆమెకు బంధువు కానందున ఎవరును మాట పలుకలేదు. అటువంటివారిని రక్షణలోనికి తీసికొనుట స్టేషను అధికారి బాధ్యత. లాకప్పులో ఉంచరాదు, 24 గంటలలో దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను, ఇంటివారికొరకు వెదకవలెను. 1993లోనే సుప్రీంకోర్టు, నేరము చేయని మానసిక రోగులను జైలులో నుంచుట చట్టవిరుద్ధమని తీర్పిచ్చియున్నది. మా సంఘపు స్త్రీల సమాజమువారు నలుగురు స్టేషనుకు పోయి వ్రాసి ఇచ్చిరి. ఎస్సైగారు ఒక మహిళా కానిస్టేబులును తోడిచ్చి పంపించెను. ఆసుపత్రి కాగితములో బంధువు అను చోట ఏమియు వ్రాయలేదు. పేరు అడిగిన ఆమె రెండు దినములు ఎవరికిని చెప్పలేదు. మూడవ దినమున తల దువ్వుచున్న నర్సుకు చెప్పినది. ఆ పేరుతో ఇప్పుడు స్టేషనువారు ఆమె ఊరు వెదకుచున్నారు.